చిత్తూరు కతోలిక హైస్కూల్ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ప్రశ్న క్లుప్తంగా: చిత్తూరు టౌన్‌లో సిస్టర్లు నడిపే హైస్కూల్లో చదువుకున్నవాళ్లు జూబిలీకి సావనీర్ వేయాలనుకుంటున్నారు. స్కూలు పుట్టిన సంవత్సరం గేటు మీద ఒకటుంది, శిలాఫలకం మీద ఇంకొకటుంది, రిటైరైన టీచర్లు మూడోది చెబుతున్నారు. ఏది నమ్మాలి, చరిత్ర ఎక్కడ దొరుకుతుంది, "మా స్కూలు స్వభావం" అనే అధ్యాయంలో పొగడ్తలు తప్ప ఇంకేం రాయొచ్చు అని అడిగారు.

మూడు సంవత్సరాలూ నిజమే అయ్యుండొచ్చండి. ఒక్కోటి ఒక్కో సంఘటనకు చెందింది. ఇక పని మొదలుపెట్టాల్సింది వ్యవస్థాపకుల ఫొటోలతోనో, పాత సావనీర్లతోనో కాదు. హెడ్మాస్టర్ గదిలో బీరువాలో ఉండే మొదటి అడ్మిషన్ రిజిస్టర్ తెరవండి. తేదీల చిక్కు సగం అక్కడే విడిపోతుంది. స్వభావం గురించి రాయడానికి సరుకు కూడా అందులోనే ఉంది, ఎందుకంటే ఆ ఊళ్లో ఎవరి పిల్లలు ఆ గేటు దాటి లోపలికొచ్చారో చెప్పే కాగితం అదొక్కటే.

పుట్టిన తేదీ ఎందుకు ఇన్ని రకాలుగా ఉంటుంది

మన ప్రాంతంలో కతోలిక హైస్కూలు ఒక్క రోజులో పుట్టింది అరుదు. మామూలుగా జరిగే వరస ఇది: విచారణ (ఒక ఫాదర్ చూసుకునే ప్రాంతం) గుడి ఆవరణలో ఫాదర్ ఒక ఎలిమెంటరీ బడి పెడతారు. కొన్నేళ్లకు ఒక సభ (సన్యాసినుల సంఘం) సిస్టర్లు వచ్చి దాన్ని తీసుకుంటారు. తర్వాత సొంత స్థలంలో పునాదిరాయి పడుతుంది. ప్రభుత్వం నుంచి తాత్కాలిక గుర్తింపు వస్తుంది, ఏడాదికో తరగతి పెరుగుతూ హైస్కూలవుతుంది. చివరికి మొదటి బ్యాచ్ పబ్లిక్ పరీక్ష రాస్తుంది. ఇవన్నీ "స్థాపన" అని చెప్పుకోదగ్గవే. ఫాదర్లు మొదటిది లెక్కపెడతారు, సిస్టర్లు రెండోది, డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు గుర్తింపు తేదీ, పాత విద్యార్థులు తమ బ్యాచ్ నుంచి వెనక్కి లెక్కపెట్టుకున్నది.

తేదీలు సరిచూసుకోవడానికి రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది, పండుగ తేదీల అనుమానం. శిలాఫలకం మీద అక్టోబరు 1, అక్టోబరు 15, డిసెంబరు 3, జనవరి 31, మార్చి 19 లాంటి తేదీ కనిపిస్తే అది బడి తెరిచిన రోజు కాకపోవచ్చు. అవి వరసగా చిన్న తెరేసమ్మ, అవిలాపురి తెరేసమ్మ, ఫ్రాన్సిస్ జేవియర్, డాన్ బోస్కో, జోజప్ప పండుగలు. ఆశీర్వాద పూజ పెట్టుకోవడానికి పండుగ రోజు చూసుకుంటారు. పిల్లలు మాత్రం బడి తెరిచే జూన్‌లోనే చేరి ఉంటారు. రిజిస్టర్‌లో మొదటి అడ్మిషన్ తేదీ జూన్‌దై, రాయి మీద తేదీ అక్టోబరుదైతే రెండింటికీ తగవేమీ లేదు.

రెండోది, తరగతుల లెక్క. మద్రాసు రాష్ట్ర కాలంలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవాళ్లు. సిక్స్త్ ఫారం చివర ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష. అంటే 1954 జూన్‌లో ఫస్ట్ ఫారం మాత్రమే పెట్టి ఏడాదికో ఫారం పెంచిన బడిలో మొదటి ఎస్.ఎస్.ఎల్.సి. బ్యాచ్ 1960 మార్చిలో పరీక్ష రాయాలి. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక హైస్కూలు పదో తరగతితో ఆగుతుంది కాబట్టి, 1975 జూన్‌లో ఆరుతో మొదలైన బడి నుంచి 1980 మార్చిలో పది రాసి ఉండాలి. మీకు చెప్పిన స్థాపన సంవత్సరానికీ మొదటి బ్యాచ్‌కీ మధ్య ఈ లెక్క కుదరకపోతే, ఒక్కసారే రెండు మూడు తరగతులు తెరిచారన్నా అనుకోవాలి, చెప్పిన సంవత్సరం ఎలిమెంటరీదన్నా అయ్యుండాలి.

రిజిస్టర్‌లో అడ్మిషన్ నంబర్లు కూడా చూడండి. వరసగా నడుస్తున్న నంబరు ఎక్కడైనా ఆగి మళ్లీ 1 నుంచి మొదలైతే, హైస్కూలును ఎలిమెంటరీ నుంచి విడదీసి వేరే స్కూలుగా నమోదు చేసిన ఏడాది అదే కావచ్చు. దాన్ని గుర్తింపు ఉత్తర్వుతో సరిపోల్చుకోవాలి.

సావనీర్‌లో అన్ని తేదీలూ ఒక పట్టికగా వేసి, ఒక్కోదాని పక్కన ఏ కాగితంలో ఉందో రాయండి. జూబిలీకి ఏ సంవత్సరం తీసుకోవాలన్నది సిస్టర్ల నిర్ణయం. చరిత్ర రాసేవాళ్లు మిగతా తేదీలను చెరిపేయకూడదు.

కాగితాలు ఎక్కడెక్కడ ఉంటాయి

స్కూల్లో: అడ్మిషన్ రిజిస్టర్లు, పరీక్షల నామినల్ రోల్స్ (పరీక్ష రాసినవాళ్ల జాబితాలు), జీతాల పట్టీలు, తనిఖీ నివేదికలు, విజిటర్స్ బుక్, పేరెంట్స్ కమిటీ మినిట్స్. మార్కుల రిజిస్టర్లు, హాజరు పట్టీలు కొన్నేళ్లకు పారేస్తారు కాబట్టి వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

మఠంలో: సిస్టర్లుండే ఇంట్లో హౌస్ క్రానికల్ అనే దినచర్య పుస్తకం రాసే అలవాటు చాలా సభల్లో ఉంది. ఎవరొచ్చారు, ఎవరు బదిలీ అయ్యారు, బావి ఎప్పుడు తవ్వారు, తుఫానుకు ఏ గోడ పడింది, అన్నీ ఉంటాయి. అందులో సొంత మనుషుల విషయాలు కూడా ఉంటాయి గనక పుస్తకం మొత్తం చేతికివ్వమని అడగకండి. "ఈ సంవత్సరాల్లో కట్టడాల గురించీ తరగతుల గురించీ ఉన్న భాగాలు మీరే చదివి వినిపించండి" అంటే సుపీరియర్ మదర్లు ఇష్టంగా ఒప్పుకుంటారు. అది ఇంగ్లీషులో ఉంటుందని కూడా అనుకోవద్దు. సభ ఎక్కడ పుట్టిందీ, మొదటి సిస్టర్లు ఎక్కడినుంచి వచ్చిందీ దాన్నిబట్టి ఫ్రెంచి, ఇటాలియన్, మలయాళం, తమిళం ఏదైనా కావచ్చు.

ఒక మాట. తిరుపతిలో పాత కాగితాల్లో "మఠం" అని కనిపిస్తే అది కన్యాస్త్రీల మఠమో, హిందువుల హాథీరాంజీ మఠమో చూసుకోవాలి. స్థలాల సరిహద్దులు రాసేటప్పుడు ఇది నిజంగా తికమక పెడుతుంది.

మేత్రాసనంలో (బిషప్పు పాలనలో ఉండే ప్రాంతం): చిత్తూరు, తిరుపతి పట్టణాలు ఇప్పుడు కడప మేత్రాసనం కింద ఉన్నాయి. అది 1976లో నెల్లూరు మేత్రాసనం నుంచి విడిపోయింది. నెల్లూరు మేత్రాసనం 1928లో మద్రాసు నుంచి ఏర్పడింది. కాబట్టి 1976కు ముందు సంగతులకు కడపలో ఏమీ దొరక్కపోతే నిరుత్సాహపడొద్దు, నెల్లూరులో అడగండి. సరిహద్దు జిల్లా గనక వేలూరు మేత్రాసనంలోనూ ఒకసారి కనుక్కోవడం మంచిది. నెల్లూరు కాలపు విదేశీ ఫాదర్లు మిల్‌హిల్ సభవాళ్లు. లండన్ దగ్గర మిల్‌హిల్‌లో 1866లో మొదలైన సభ అది. వాళ్ల ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, డచ్చి ఫాదర్లు ఇంటికి రాసుకున్నవి డచ్చిలో. జ్ఞానస్నానాల పాత రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటే కంగారు పడకండి, రెండో వాటికన్ మహాసభకు (1962-65) ముందు అదే పద్ధతి. పేర్లు లాటిన్ వేషం వేసుకుని ఉంటాయి, "జోసెఫుస్" అంటే మన జోజప్పే.

ప్రభుత్వంలో: గుర్తింపు ఉత్తర్వు, గ్రాంటు ఉత్తర్వులు డీఈఓ ఆఫీసు రికార్డు గదిలో ఉండాలి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి తిరుపతి స్కూళ్ల పాత ఫైళ్లకు కూడా చిత్తూరులోనే అడగాల్సి రావచ్చు. నోటిమాటగా అడిగితే రోజులు గడుస్తాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా స్కూలు చరిత్ర ఇవ్వండి" అని రాస్తే "అందుబాటులో లేదు" అని వస్తుంది. "ఫలానా స్కూలుకు హైస్కూలుగా తాత్కాలిక గుర్తింపు, శాశ్వత గుర్తింపు, మొదటి గ్రాంటు ఇచ్చిన ఉత్తర్వుల నకళ్లు, వాటి ఆర్‌సీ నంబర్లు, తేదీలు" అని విడివిడిగా అడగండి.

ఆర్‌సీ అన్న రెండక్షరాల దగ్గర జాగ్రత్త. విద్యాశాఖ కాగితం తలమీద ఉంటే అది ఫైలు నంబరు. అడ్మిషన్ రిజిస్టర్‌లో మతం గడిలో ఉంటే రోమన్ కతోలిక అని. మన ఊళ్లల్లో ఆర్.సి.ఎం. స్కూలు అనేది ఈ రెండో దాన్నుంచే వచ్చింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది కాబట్టి అంతకుముందు జీవోలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. స్థలం కాగితాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచి కంప్యూటర్లో వస్తుంది. అంతకుముందుదానికి పాత పుస్తకాల్లో చేత్తో వెతికించాలి. దస్తావేజు ఎవరి పేరున ఉందో తప్పకుండా రాసుకోండి. మేత్రాసనం పేరుందా, సిస్టర్ల సొసైటీ పేరుందా అన్నదాన్నిబట్టి ఆ స్కూల్లో యాజమాన్యం తరఫున వ్యవహారాలు చూసే కరస్పాండెంట్‌ను ఎవరు నియమించారు, గొడవొస్తే ఎవరి మాట నెగ్గింది అనేవి అర్థమవుతాయి.

"మిషన్ స్కూలు" అన్న మాటతో మోసపోకండి

ముసలివాళ్లు "మిషన్ స్కూలు" అన్నప్పుడల్లా అది కతోలిక బడి కాదు. చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు ఆ మాట ఎక్కువగా ఆర్కాట్ మిషన్‌ది. 1853లో స్కడ్డర్ సోదరులు మొదలుపెట్టిన ఆ అమెరికన్ ప్రొటెస్టెంట్ మిషన్ సంఘాలు 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్‌ఐలో కలిశాయి. తిరుపతి, కాళహస్తి, పుత్తూరు వైపు జర్మనీ హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు పనిచేశారు. వీళ్ల పద్ధతులూ కతోలిక పద్ధతీ వేరు. ప్రొటెస్టెంట్ మిషన్ బడుల్లో బైబిలు పఠనం ప్రధానం, స్థానిక ఉపాధ్యాయులు తొందరగా పైకొచ్చారు. కతోలిక బడిలో సభ జీవితం నడిమధ్యన ఉంటుంది. సిస్టర్లు ఆవరణలోనే ఉంటారు, బదిలీలు సభ చేస్తుంది, హెడ్‌మిస్ట్రెస్ మారినా దినచర్య మారదు. మన జిల్లాకు కతోలికులు కొత్త కాదన్నది కూడా రాయొచ్చు. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి జెసూట్ పాదర్లు పుంగనూరు ప్రాంతంలో తిరిగారు, తెలుగు నేర్చుకున్నారు. వాళ్లలో కేర్దూ అనే ఆయన తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చాడు. అయితే ఆ కాలానికీ మీ హైస్కూలుకూ నేరుగా తాడు కట్టకండి, మధ్యలో 1773లో జెసూట్ సభనే రద్దు చేశారు.

రిజిస్టర్‌ను ఎలా చదవాలి

ఇక్కడ తొందరపడొద్దు, పుస్తకానికి ప్రాణం ఇక్కడే ఉంది.

రిజిస్టర్ ఆఫీసు గది దాటకూడదు, అది శాశ్వత రికార్డు. పెద్ద సైజు, కాలికో బైండింగు, వెన్ను దగ్గర కుట్లు వదిలి ఉంటాయి. జిరాక్స్ మిషన్ మీద బోర్లించి నొక్కితే ఆ కుట్లు పూర్తిగా ఊడిపోతాయి. రెండు దిండ్ల మధ్య సగం తెరిచి పెట్టి, కిటికీ వెలుగులో ఫోన్‌తో పైనుంచి ఫొటో తీయండి. చేతులు కడుక్కుని తుడుచుకుంటే చాలు. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, నాలుగేళ్లకు గోధుమరంగు తిరిగి కింద అక్షరాలను తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. ప్రతి ఫొటోకు సంవత్సరం, పుస్తకం, పేజీ నంబరు కలిపి పేరు పెట్టండి.

అన్ని పేర్లూ ఎక్కించనక్కర్లేదు. పదేళ్లకో సంవత్సరం చొప్పున తీసుకుని, ఆ ఏడాది మొదటి వంద అడ్మిషన్లు ఎక్కించుకోండి. 60 ఏళ్ల స్కూలుకు ఏడు నమూనాలు, 700 వరసలు. ఒకరు చదువుతుంటే ఒకరు టైపు చేస్తే గంటకు నలభై వరకూ అవుతాయి, అంటే 17, 18 గంటల పని. తీసుకోవాల్సిన గడులు: చేరిన తేదీ, తరగతి, తండ్రి వృత్తి, ఊరు, మాతృభాష, మతం, అంతకుముందు చదివిన బడి, వెళ్లిపోయిన తేదీ, కారణం.

వృత్తి గడి ఊరి చరిత్రే చెబుతుంది. చిత్తూరులో బెల్లం మండీ గుమాస్తా, కోర్టు బంట్రోతు, కలెక్టరాఫీసు క్లర్కు. తిరుపతిలో దేవస్థానం ఉద్యోగి, రైల్వే, 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక లెక్చరరు. దేవస్థానం ఉద్యోగి కూతురు సిస్టర్ల దగ్గర చదవడం తిరుపతివాళ్లకు వింతేం కాదు. ఆ మామూలుతనమే మీ అధ్యాయానికి మొదటి వాక్యం కావొచ్చు. మాతృభాష గడిలో తెలుగుతో పాటు తమిళం, ఉర్దూ ఎంతున్నాయో చూడండి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, ఆ ముందూ తర్వాతా నమూనాలు తీసి తమిళ పిల్లల సంఖ్య పోల్చండి. "వెళ్లిపోయిన కారణం" గడి ఆడపిల్లల బడిలో ఒక్కోసారి కన్నీళ్లు తెప్పిస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో "తల్లిదండ్రుల కోరికపై" అని వరసగా ఉంటే అది పెళ్లా, ఇంటి పనా, ఫీజా అన్నది ఆ బ్యాచ్ మనుషులను అడిగి తెలుసుకోవాలి.

మతం, కులం గడులు లెక్కపెట్టడానికే, అచ్చేయడానికి కాదు. ఒకే ఇంట్లో అన్నకు "ఆర్.సి." అని, తమ్ముడికి "హిందూ" అని ఉండటం మీకు కనిపించొచ్చు. దాన్ని అబద్ధం కింద రాయకండి. షెడ్యూల్డ్ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి. ఆ ఒక్క గడి మీద స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, రేపటి ఉద్యోగం ఆధారపడి ఉంటాయి. ఏ తండ్రైనా చాలా ఆలోచించే చెబుతాడు. మొత్తంలో కతోలికులు ఎంతమంది, ఇతర క్రైస్తవులు, హిందువులు, ముస్లింలు ఎంతమంది అన్న అంకెలు మాత్రం వేయండి. పేర్లతో కలిపి వేస్తే బతికున్నవాళ్లకు హాని జరుగుతుంది.

స్వభావం గురించి ఏం రాయాలి

"క్రమశిక్షణకు మారుపేరు" అన్న వాక్యం ప్రతి సావనీర్‌లోనూ ఉంటుంది, అది ఏమీ చెప్పదు. కొలవగలిగేవి రాయండి. మొదటి గంట ఎన్నింటికి? గంటకీ అసెంబ్లీకీ మధ్య ఎన్ని నిమిషాలు? ప్రార్థన ఏ భాషలో, ఎవరు చెప్పించేవాళ్లు? కతోలిక పిల్లలు సత్యోపదేశం (కతోలిక మతబోధ) క్లాసుకు వెళ్లినప్పుడు మిగతావాళ్లు ఏ గదిలో మోరల్ సైన్స్ చదివేవాళ్లు? ఇంగ్లీషులో మాట్లాడకపోతే జరిమానా ఉండేదా, ఎంత, ఆ డబ్బు ఎక్కడికి పోయేది? బెత్తం ఉండేదా? ఉంటే ఉందనే రాయండి. అది దాచిన సావనీర్‌ను దెబ్బలు తిన్నవాళ్లు నమ్మరు.

సెలవుల పట్టీ చాలా చెబుతుంది. లోకల్ హాలిడేలు దేనికిచ్చారు? తిరుపతిలో బ్రహ్మోత్సవాల గరుడసేవ నాడు బడి నడిచిందా? సభ పునీతుల పండుగ రోజున మిగతా పిల్లలకు ఏం చేశారు? ఊరితో బడి ఎలా సర్దుకుపోయిందో ఇలాంటి వాటిల్లోనే కనిపిస్తుంది.

సభనుబట్టి గుణం మారుతుంది, అది కూడా గమనించండి. డాన్ బోస్కో సలేషియన్లది శిక్ష కన్నా ముందే పిల్లల మధ్య ఉండి తప్పు జరగకుండా చూసుకునే పద్ధతి, అందుకే వాళ్ల బడుల్లో ఆటస్థలంలో ఫాదర్లు కనిపిస్తారు. మీ సిస్టర్ల సభ ఎందుకు పుట్టింది, అనాథల కోసమా, ఆడపిల్లల చదువు కోసమా, రోగుల సేవ కోసమా అన్నది అడిగి, అది మీ బడిలో ఏ పనిగా కనిపించిందో చూపించండి. బోర్డింగా, కుట్టుక్లాసా, డిస్పెన్సరీయా?

చట్టం సంగతి ఒక పేజీ చాలు, అయితే తప్పుల్లేకుండా ఉండాలి. రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు తమ బడులు పెట్టి నడుపుకునే హక్కు ఇస్తుంది. 28(3) ప్రకారం గుర్తింపో గ్రాంటో ఉన్న బడిలో ఏ పిల్లనూ సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టకూడదు, మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకునే బడి మతం, కులం కారణంగా అడ్మిషన్ నిరాకరించకూడదని 29(2). విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇంకో ధర్మాసనం ఆ తీర్పును మళ్లీ చూడాలని పైకి పంపింది, కాబట్టి "శాశ్వతంగా మినహాయింపు ఉంది" అని రాయకండి.

ఎయిడెడ్ (ప్రభుత్వ గ్రాంటుతో టీచర్ల జీతాలు నడిచే) కథ మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే టీచర్ల జీవితాలు దానితో ముడిపడ్డాయి. ఒకే కాంపౌండులో గ్రాంటున్న తెలుగు మీడియం, ఫీజులతో నడిచే ఇంగ్లీషు మీడియం పక్కపక్కన ఉండటం మామూలు. ఒకే స్టాఫ్ రూములో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు, మేనేజ్‌మెంట్ జీతం తీసుకునేవాళ్లు కలిసి కూర్చున్నారు. ఎయిడెడ్ పోస్టులో ఒకరు రిటైరైతే ఆ ఖాళీ నిండక, తెలుగు సెక్షన్ మెల్లగా బక్కచిక్కింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని మాత్రమో, ఆస్తులతో సహా బడినో తనకు అప్పగించే విషయం ప్రభుత్వం తెచ్చినప్పుడు మీ మేనేజ్‌మెంట్ ఏ దారి ఎంచుకుందో ఉత్తర్వు చూసి రాయండి. జీతాల పట్టీల్లో పదేళ్లకోసారి ఎయిడెడ్ సంతకాలు ఎన్ని, మిగతావి ఎన్ని లెక్కపెడితే ఈ మార్పు ఒక చిన్న పట్టికలో తేలిపోతుంది.

మనుషులను అడిగేటప్పుడు

"అప్పట్లో స్కూలు ఎలా ఉండేది మేడమ్?" అంటే "బంగారంలా ఉండేది నాయనా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. రిజిస్టర్ ఫొటో ఒకటి చేతిలో పెట్టి "ఈ ఏడాది సెవెంత్ బి సెక్షన్ ఏ గదిలో ఉండేది?" అని అడగండి, జ్ఞాపకం తలుపు తెరుచుకుంటుంది. టీచర్ల కన్నా ముందు గంట కొట్టిన అటెండరు, ఆయమ్మ, బోర్డింగులో వంట చేసినామె దగ్గరికి వెళ్లండి. వాళ్లకు వయసు మీద పడుతోంది, వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ సరిగ్గా ఉండవు. జీతాల పట్టీలో వేలిముద్ర పక్కన ఇంగ్లీషులో రాసిన పేరు నిజం పేరో కాదో వాళ్లే చెప్పాలి.

అరిగిపోయిన పునాదిరాయి చదవాలంటే సుద్దముక్కతో రుద్దకండి, పెయింటు వేయించకండి. చీకటి పడ్డాక టార్చి లైటు రాతికి ఆనించినంత పక్కగా పెట్టి వెలుగు అడ్డంగా పడేలా చేస్తే, పగలు కనిపించని అక్షరాలు నీడలతో లేచొస్తాయి. అలా నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు తీయండి. రాయి మొదట ఉన్న గోడ మీదే ఉందా, కొత్త బ్లాకు కట్టినప్పుడు తెచ్చి అతికించారా అన్నది కూడా మేస్త్రీనో పాత అటెండరునో అడిగి రాసుకోండి.

అచ్చుకు పంపేముందు ఫొటోలన్నీ మూడు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి స్కూలుకు, ఒకటి మఠానికి, ఒకటి కడప మేత్రాసనానికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ ఫొటోల్లో కులం గడులు కూడా ఉంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.